ఒంటరిగా ఆన్‌లైన్ వ్యాపారం: నూనె ఎక్కడ కారుతోందో ముందు వెతకండి

పచ్చడి సీసాను కొరియర్‌కు ఇచ్చే ముందు నేను ఒక పని చేస్తాను. మూత బిగించి, అంచు చుట్టూ టేపు వేసి, రాత్రంతా పాత న్యూస్‌పేపరు మీద తలకిందులుగా నిలబెడతాను. తెల్లారేసరికి కాగితం మీద నూనె మరక కనిపిస్తే ఆ సీసా బయటికి వెళ్లదు. మరకను చూస్తే లోపం కూడా తెలిసిపోతుంది. వలయంలా ఉంటే మూత సరిగా పడలేదు. ఒక పక్కనే చుక్కగా ఉంటే సీసా అంచు ఎక్కడో పెచ్చు లేచింది.

ఇంట్లో కూర్చుని ఒక్కరే ఆన్‌లైన్‌లో వ్యాపారం నడిపేవాళ్లకు ఉత్సాహం కూడా ఇలాగే కారిపోతుంది. ఒక్కసారిగా ఒలికిపోతే తెలుస్తుంది కానీ, చుక్కచుక్కగా పోతే తెలియదు. సగం ఖాళీ అయ్యాక చూసుకుని "నాకు పట్టుదల లేదు" అని సీసాను తిట్టుకుంటాం. పట్టుదల తక్కువై నేను పని ఆపిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ ఎక్కడో మూత సరిగా పడని రోజులే. అందుకే ఉత్సాహం తెచ్చుకోవడం ఎలా అని కాకుండా, పోతున్నది ఎటు పోతోందో కనిపెట్టి అక్కడ బిగించడం ఎలా అన్నది చెబుతాను.

నాకు తెలిసింది పచ్చళ్ల వ్యాపారం కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. మీరు చీరలు అమ్ముతున్నా, పిల్లలకు వీడియోలో లెక్కలు చెబుతున్నా, మామిడికాయ స్థానంలో మీ సరుకు పెట్టుకుని చదువుకోండి.

1. మరక ఎక్కడుందో చూడండి

పని మొదలుపెట్టబుద్ధి కాని రోజున స్ఫూర్తి వీడియోలు పెట్టుకోకండి. కాగితం తీసుకుని, గత రెండు మూడు రోజుల్లో వ్యాపారంలో ఏమేం జరిగాయో వరుసగా రాయండి. వచ్చిన ఫోన్లు, పంపిన పార్సిళ్లు, వాయిదా వేసిన పనులు, అన్నీ. ఏది రాసేటప్పుడు చెయ్యి వెనకాడిందో మరక అక్కడుంది.

ఒకసారి నేను పదకొండు రోజులు ఒక్క కొత్త ఫొటో కూడా పెట్టలేదు. రోజూ పొద్దున్నే లేచి త్రాసు తుడిచేదాన్ని, డబ్బాలు సర్దేదాన్ని, లేబుళ్లు కత్తిరించేదాన్ని. బయటినుంచి చూసేవాళ్లకు చాలా పని జరుగుతున్నట్టే ఉంటుంది. అసలు సంగతి ఏమిటంటే, ఒక కస్టమరుకు పంపిన గోంగూర సీసా దారిలో కారిపోయింది. ఆవిడ తడిసిన పెట్టె ఫొటో ఒకటి పంపారు. కింద ఒక్క మాట కూడా లేదు. తిట్టినా బాగుండేది. ఏమని జవాబివ్వాలో తోచక ఊరుకున్నాను. ఇక ఫోను తెరిచినప్పుడల్లా ఆ ఫొటోయే ఎదురొచ్చేది, కాబట్టి ఫోను తెరవడమే మానేశాను. పన్నెండో రోజున ధైర్యం చేసి ఫోను చేస్తే, "పోనీలెండి అమ్మా, ఇంకొకటి పంపండి, ఈసారి పైన గట్టి కవరు వేయండి" అన్నారు. నాలుగు నిమిషాల మాట. ఆ సాయంత్రమే మూడు ఫొటోలు పెట్టాను.

ఇలాంటి మరకలు ఎక్కువగా కొన్ని చోట్లే ఉంటాయి: జవాబివ్వని ఫిర్యాదు, రాయని లెక్క, మొహమాటానికి తక్కువ ధరకు ఒప్పుకున్న ఆర్డరు, చేయించుకోని రిజిస్ట్రేషను. చివరిది చాలామంది గమనించరు. ఆహార పదార్థాలు అమ్మాలంటే కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి, 14 అంకెల ఆ నంబరు లేబులు మీద కనిపించాలి. అది లేకుండా అమ్ముతున్నవాళ్లు వ్యాపారం పెరగాలని కోరుకుంటూనే, పెరిగితే ఎవరైనా అడుగుతారేమోనని లోలోపల భయపడుతూ ఉంటారు. బండికి ఒక కాలు యాక్సిలరేటరు మీద, ఒక కాలు బ్రేకు మీద పెట్టినట్టు. జీఎస్టీ విషయం కూడా అంతే, ముఖ్యంగా పక్క రాష్ట్రాలకు పంపుతుంటే. ఒక్కసారి ఆడిటరు దగ్గర కూర్చుని తేల్చుకోండి. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు 2020 జులై 1 నుంచి ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది, దానికి రుసుము లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గుర్తు.

2. రెండు గళ్ల పుస్తకం పెట్టండి

ఒక నోటుబుక్కులో పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మీ చేతిలో ఉన్న పని, కుడివైపు మీ చేతిలో లేని ఫలితం. ఎన్ని ఫొటోలు పెట్టారు, పాత కస్టమర్లలో ఎందరికి ఫోను చేశారు, ఎన్ని సీసాలు తలకిందులు పరీక్షలో నెగ్గాయి అన్నవి ఎడమ. ఆర్డర్లు, లైకులు, వచ్చిన డబ్బు కుడి. ఎడమ గడి రోజూ రాత్రి నింపండి. కుడి గడి వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు తెరెసా అమబిలే బృందం 238 మంది ఉద్యోగులు రోజూ రాసిన దాదాపు 12,000 డైరీ పేజీలను పరిశీలించింది. మనిషికి పని మీద మనసు నిలిచిన రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన సంగతి, అర్థవంతమైన పనిలో ఎంతో కొంత ముందుకు జరగడం. ఆ ఉద్యోగులకు పక్క కుర్చీలో సహోద్యోగి ఉంటాడు, పైన మేనేజరు ఉంటాడు, పని జరిగిందని ఎవరో ఒకరు చెబుతారు. ఒంటరి వ్యాపారికి ఆ మాట చెప్పేది ఈ ఎడమ గడి ఒక్కటే. అందుకే అది నోటితో కాక కాగితం మీద ఉండాలి.

దీని విలువ నాకు 2025లో తెలిసింది. విదేశాల నుంచి వచ్చే 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆ ఏడాది ఆగస్టు 29న ఎత్తేసింది. ఆ నిబంధనలు ఎలా అమలవుతాయో స్పష్టత లేక, అంతకు నాలుగు రోజుల ముందు నుంచే మన దేశం నుంచి అమెరికాకు చాలా రకాల పోస్టు పార్సిళ్లు ఆగాయి. అక్టోబరు 15న మళ్లీ మొదలయ్యాయి. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న పిల్లల కోసం తల్లిదండ్రులు చేయించే పార్సిళ్లే చాలామంది ఇంటి వ్యాపారులకు పెద్ద ఆదాయం. ప్రైవేటు కొరియర్లలో పంపేవాళ్లకు కూడా సుంకం లెక్క మారిపోయింది. ఆ రెండు నెలలూ నా కుడి గడి వెలవెలబోయింది. కుడి గడినే చూసుకుంటూ కూర్చుంటే వ్యాపారం చచ్చిపోయిందనే అనుకునేదాన్ని. ఎడమ గడిలో మాత్రం హైదరాబాదు, బెంగళూరు, పుణె కస్టమర్లకు రోజుకు ఐదు ఫోన్లు అని రాసి ఉంది. చేశాను. అమెరికా లోటు పూర్తిగా పూడలేదు, కానీ సెప్టెంబరు అద్దె వెళ్లిపోయింది.

3. ఎప్పుడు, ఎక్కడ, ఏ పనితో అన్నది ముందు రాత్రే తేల్చండి

"రేపటి నుంచి గట్టిగా పని చేస్తాను" అనే మాటకు బలం లేదు. "పొద్దున తొమ్మిదిన్నరకు, కాఫీ గ్లాసు కడిగిన వెంటనే, వంటింటి బల్ల మీద నిన్నటి మూడు ఆర్డర్ల చిరునామాలు రాస్తాను" అనే మాటకు ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే: ఏ సమయంలో, ఏ చోట, ఎలా చేస్తామో ముందే ముడివేసుకున్న పని జరిగే అవకాశం, ఉత్త సంకల్పం కన్నా ఎక్కువ.

నా సలహా మరొకటుంది. రోజులో మొదటి పని చేతులతో చేసేది పెట్టుకోండి, తలతో చేసేది కాదు. లేబులు అంటించడం, తూకం వేయడం, పెట్టె మడవడం. చేతులు కదిలితే మనసు వెనకాలే వస్తుంది. ప్రకటన రాయడం, ధర నిర్ణయించడం లాంటివి రెండో గంటలో పెట్టండి. కావలసిన వస్తువులు రాత్రే బల్ల మీద ఉండాలి. కత్తెర ఎక్కడుందో వెతుక్కుంటూ మొదలైన పొద్దు, సాధారణంగా బీరువా సర్దడంతో ముగుస్తుంది.

పాతిక నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అనే పద్ధతి మీరు వినే ఉంటారు. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారంతో మొదలుపెట్టాడు, దాని పేరు పొమొడోరో అంటే ఇటలీ భాషలో టమాటాయే. రాతపనికి బాగుంటుంది. పోపు వేసేటప్పుడు మాత్రం ప్రయత్నించకండి.

4. ఖాళీ నెలలకు ముందే పని రాసిపెట్టండి

ఆర్డర్లు రాని వారం వస్తే అది మీ తప్పని అనిపిస్తుంది. చాలాసార్లు అది క్యాలెండరు తప్పు. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ కోసం ఊపిరాడదు. వానలు పడ్డాక కొత్తావకాయ అడిగేవాళ్లు తగ్గుతారు. మాంసాహార పచ్చళ్లు అమ్మేవాళ్లకు శ్రావణం, కార్తీకం కష్టకాలం. కార్తీక సోమవారం నాడు రొయ్యల పచ్చడి ఫొటో పెట్టి ఒక్క ఆర్డరూ రాలేదని బాధపడినవాళ్లను నేను చూశాను. సంక్రాంతికి పచ్చళ్ల కన్నా అరిసెలు, సకినాలు, జంతికలు అడుగుతారు.

కాబట్టి గోడ క్యాలెండరు తీసుకుని, కిందటేడాది అమ్మకాలు ఏ నెలలో ఎంతో పక్కన రాయండి. మొదటి ఏడాదైతే ఇదే వ్యాపారంలో ఉన్న ఎవరినైనా అడగండి, చెబుతారు. తక్కువ నెలలు తేలాక వాటికి వేరే పనులు కేటాయించండి. నేను జులైలో ఏడాదికి సరిపడా ఫొటోలు తీసుకుంటాను. కార్తీకంలో ఉసిరికాయ, నిమ్మకాయ, చింతకాయ పచ్చళ్లు ముందుకు తెస్తాను. పని రాసిపెట్టి ఉన్న ఖాళీ నెల ఖాళీగా అనిపించదు.

5. ఫిర్యాదుకు ఒక దారి వేసి ఉంచండి

ఒంటరి వ్యాపారిని ఒక్క చెడ్డ మాట నిలబెట్టి పడేస్తుంది. పెద్ద కంపెనీలో ఫిర్యాదు కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. మన దగ్గర అది నేరుగా గుండెలోకి వస్తుంది, ఎందుకంటే ఆ ముక్క కొట్టింది మనమే, ఆ కారం కలిపింది మనమే. వంట బాగాలేదన్న మాటను వ్యాపారం మాటగా తీసుకోవడం మనకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

వరుస ఇలా పెట్టుకోండి. ఫిర్యాదు చూసిన వెంటనే ఒకే వాక్యం పంపండి: "చూశానండి, కారణం కనుక్కుని సాయంత్రం ఆరులోపు ఫోను చేస్తాను." తర్వాత ఫోను బోర్లా పెట్టి బ్యాచి పుస్తకం తెరవండి. బ్యాచి పుస్తకం లేకపోతే ఈరోజే మొదలుపెట్టండి. కాయ రకం చిన్నరసమా, జలాలా, కొత్తపల్లి కొబ్బరా, ఏ రోజు కొట్టారు, ముక్కల తూకం, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె ఎంతెంత, మూడో రోజు తిరగకలిపి రుచి చూసినప్పుడు ఏమనిపించింది. సీసా మీద ఉన్న తేదీతో ఆ పేజీ దొరుకుతుంది.

ఒకసారి "ఉప్పు కషాయం" అని ఒక ఫిర్యాదు వచ్చింది. మనసు చివుక్కుమంది. పుస్తకం తీస్తే, ఆ బ్యాచికి అలవాటైన రాళ్ల ఉప్పు దొరక్క మెత్తటి ఉప్పు వాడినట్టు రాసి ఉంది. తూకం వేయకుండా అదే గిన్నెతో కొలిచాను. గిన్నెలో మెత్తటి ఉప్పు ఎక్కువ పడుతుంది కదా! ఆ బ్యాచి కొన్న మిగతా ఎనిమిది మందికి నేనే ఫోను చేశాను. ముగ్గురు ఏమీ తేడా లేదన్నారు, ఇద్దరు కాస్త ఉప్పు పడిందన్నారు, మిగిలినవాళ్లు ఇంకా మూతే తీయలేదు. చెడ్డ మాట కాస్తా చేయగల పనిగా మారింది. అప్పటినుంచి ఉప్పును త్రాసులోనే తూస్తున్నాను.

కారణం దొరకని ఫిర్యాదులు కూడా ఉంటాయి. డబ్బు తిరిగి ఇచ్చేసి పేజీ తిప్పేయండి.

6. లెక్క తెలియకపోతే భయం పెరుగుతుంది

కిలో ఆవకాయ 650 రూపాయలకు అమ్ముతున్నారనుకోండి. సరుకుకు 300, సీసా, లేబులు, పెట్టెకు 55, కొరియర్ మీరే భరిస్తే 90, ప్రకటనకు 40, కారిపోయి మళ్లీ పంపాల్సినవాటి వంతు 15. మిగిలేది 150. నెలకు 15,000 కావాలంటే 100 కిలోలు అమ్మాలి. అంటే ఆదివారాలు పోను రోజుకు నాలుగు కిలో సీసాలు. అంకెలు మీవి వేసుకోండి, ఊళ్లను బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. కానీ "ఎంతో అమ్మాలి" అనే బెంగ "రోజుకు నాలుగు సీసాలు" అనే పనిగా మారినప్పుడు రాత్రి నిద్ర పడుతుంది. రోజుకు నాలుగు మీ వల్ల కాదని తేలితే అది కూడా మంచిదే. ధర పెంచాలో, అరకిలో సీసాలకు మారాలో, కొరియర్ ఖర్చు కస్టమరుకే వేయాలో ఇప్పుడే ఆలోచించవచ్చు.

వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, యూపీఐ క్యూఆర్ కోడు కూడా దానిదే ఇవ్వండి. కూరగాయల డబ్బు, కారం కొన్న డబ్బు ఒకే ఖాతాలో కలిస్తే నెలాఖరుకు లాభమో నష్టమో మీకే తెలియదు. ఆ తెలియకపోవడమే పని మీద విసుగుగా బయటపడుతుంది. ప్రతి నెలా ఒకటో తేదీన ఆ ఖాతా నుంచి మీకు మీరే జీతం పంపుకోండి. మూడు వేలే అయినా సరే పంపండి.

ఉద్యోగం వదిలి ఈ పనిలోకి రావాలనుకుంటే, ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేనిదే రాకండి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే చెబుతాను. బియ్యం డబ్బాలో బియ్యం ఉంటేనే వ్యాపారం మీద ఓపిక ఉంటుంది.

7. వారానికి ఒకరోజు ఎవరికైనా లెక్క చెప్పండి

మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలు ఇన్నేళ్లు ఎలా నిలబడ్డాయో ఎప్పుడైనా ఆలోచించారా? అందులో ఉపన్యాసాలు లేవు. పంచసూత్రాలని ఐదే నియమాలు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సంఘంలోనే అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఉత్సాహం ఉన్నా లేకపోయినా సమావేశానికి రావాలి. రానివాళ్లకు జరిమానా వేసే సంఘాలూ ఉన్నాయి.

ఒంటరిగా వ్యాపారం చేసేవాళ్లు ముగ్గురు కలిసి ఇందులో రెండు సూత్రాలు తీసుకుంటే చాలు: సమావేశం, పుస్తకం. మేం ముగ్గురం గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు వీడియోలో కలుస్తాం. ఒకరు చీరలు, ఒకరు కుట్టుపని నేర్పే పాఠాలు, నేను పచ్చళ్లు. ఎవరి ఎడమ గడి వాళ్లు చదవాలి. సలహా అడిగితే తప్ప ఇవ్వకూడదు. రానివాళ్లు యాభై రూపాయలు కట్టాలి. ఆ యాభై కోసం జ్వరంతో కూడా వచ్చినవాళ్లున్నారు! ఒకే సరుకు అమ్మేవాళ్లను కలుపుకోకండి. ధరలు దాచుకోవడంతోనే సరిపోతుంది. ఇంట్లోవాళ్లను కూడా వద్దు. వాళ్లు మీ మీద ప్రేమతో "అంత కష్టపడకు, మానేయరాదూ" అంటారు, ఆ మాట మీకు కావలసిన రోజునే అంటారు.

హైదరాబాదు దగ్గర్లో ఉండే మహిళలకు, 2018లో తెలంగాణ ప్రభుత్వం మహిళా వ్యాపారుల కోసం మొదలుపెట్టిన వీ హబ్ అనే సహాయ కేంద్రం ఉంది. ఒకసారి వెళ్లి చూసి రండి.

ఇక పెళ్లిళ్లలో ఎదురయ్యే ప్రశ్న. "ఇంట్లోనే కదా ఉంటున్నావు, ఇంకా ఉద్యోగం చూసుకోలేదా?" అని ఏ పిన్నో అడుగుతుంది. వ్యాపారం గురించి వివరించే ప్రయత్నం చేయకండి. "కిలో మాగాయ పంపమంటావా పిన్నీ, ఆరు వందలు" అనండి. కొంటే ఒక ఆర్డరు, కొనకపోతే మాట మారుతుంది.

8. ఇతరుల రీళ్లకు వేళ పెట్టండి

పోటీ వ్యాపారులను చూడకూడదని అనను, చూడాల్సిందే. కానీ ఆ చూపు బుధవారం మధ్యాహ్నం అరగంట చాలు, చేతిలో కలంతో. వాళ్లు సీసా ఏ సైజు వాడుతున్నారు, కొరియర్ ఎంత తీసుకుంటున్నారు అన్నవి రాసుకోండి. రాత్రి పదకొండుకు పడుకుని చూసే రీలులో ఆ సంగతులు కనిపించవు, వాళ్ల గోడౌను ఒక్కటే కనిపిస్తుంది.

9. ఆపాలా వద్దా అన్నదానికి తేదీ వేయండి

రోజూ పొద్దున లేవగానే "దీన్ని కొనసాగించాలా?" అని తర్కించుకునే మనిషికి పని చేసే శక్తి మిగలదు. ఆ ప్రశ్నకు ఒక తేదీ, ఒక అంకె పెట్టి పక్కన పడేయండి. ఫలానా రోజుకు నెలకు ఇన్ని సీసాలు, ఇంత మిగులు లేకపోతే ఆపేస్తాను, లేదా ఉద్యోగం చేస్తూ వారాంతంలో నడుపుతాను అని కాగితం మీద రాసి, సంతకం చేసి, వారం వారం కలిసే ఆ ఇద్దరికీ ఫొటో తీసి పంపండి. అప్పటివరకు మనసు ఆ ప్రశ్న ఎత్తితే తేదీ చూపించండి. ఆపడం ఓటమి అని నేను అనుకోను. సరుకు పాడవకముందే, అప్పు పెరగకముందే, కస్టమర్లకు మాట చెప్పి ఆపినవాళ్లు మళ్లీ వేరే పేరుతో మొదలుపెట్టి బాగా నడుపుకోవడం నేను చూశాను.

తేదీ ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్త. ఏప్రిల్‌లో పెట్టుకుంటే కొట్టిన ముక్కల వాసనకే కొనసాగించేద్దామనిపిస్తుంది. కార్తీకంలో పెట్టుకుంటే అన్నీ మూసేయబుద్ధవుతుంది. ఫిబ్రవరి మంచిది. సంక్రాంతి ఆర్డర్లు అయిపోయి ఉంటాయి, మామిడి ఇంకా పూత మీదే ఉంటుంది.